డ్రైవర్‌ని మాట్లాడించిన రోజు

బస్సు డిపో విశ్రాంతి గదిలో కుర్చీలు గుండ్రంగా వేయించింది టీచరమ్మ. ప్రమాదాలు చూసిన సిబ్బందిని కూర్చోబెట్టి, వాళ్ల మనసులోని బరువు దించడం ఆమె వృత్తి. ఆ పని నేర్చుకోవడానికి వచ్చిన శిష్యులు గోడవారగా కూర్చున్నారు. ‘ఎవరినీ బలవంతపెట్టకూడదు, మౌనం కూడా వాళ్ల హక్కే’ అని వాళ్లకి నూరిపోసింది ఆమే.

ఆరోజు మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. ఒకాయన గోళ్లు చూసుకుంటున్నాడు, ఇంకొకాయన ఫ్యాను చూస్తున్నాడు. శిష్యుల ముందు పరువు పోయేలా ఉంది. ఆమె పొడుగు డ్రైవర్ వైపు తిరిగింది. అతని బస్సు కింద పడి ఒక సైకిలతను చనిపోయాడు.

“మీరు చెప్పండి.”

“నాకేం లేదు మేడమ్.”

“ఎందుకు లేదు? మీ మొహమే చెబుతోంది. మేమంతా మీవాళ్లమేగా.”

ఆమె చూపు తిప్పుకోలేదు. చాలాసేపు అలాగే చూసింది. చివరికి అతను చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

“ఆరోజు పొద్దున్నే ఇంట్లో గొడవైంది. మా ఆవిడ మాటే చెవుల్లో గింగురుమంటోంది. ఆ మనిషిని చూడనేలేదు.”

శిష్యుల కళ్లు చెమర్చాయి. ఇక్కడి మాట ఇక్కడే ఉండాలని టీచరమ్మ అందరిచేతా ఒట్టేయించుకుంది. ఎదుటి కుర్చీలోని మెకానిక్ అతని బావమరిదన్న సంగతి మాత్రం కనుక్కోలేదు. అక్క విషయమయ్యేసరికి మెకానిక్ వేసిన ఒట్టు సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

మరుసటి వారం డ్రైవర్ రాలేదు. అతను డిపో వెనకాల బస్సులు కడుగుతుంటే ఆమే వెళ్లి పలకరించింది.

“మా ఆవిడ పుట్టింటికెళ్లిపోయింది మేడమ్. ‘అయితే అతన్ని చంపింది నేనేనా’ అని ఒకటే ఏడుపు. తనకి తెలీకూడదనే ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నా.”

“నేనొచ్చి ఆవిడతో మాట్లాడతాను.”

“వద్దు. మీరు మాట్లాడించింది చాలు.”

పైపు నీళ్లు ఆమె కాళ్ల మీద చిందాయి. అతను చూడలేదో, చూసీ ఊరుకున్నాడో.

తర్వాతి క్లాసులో ఆమె ఏదీ దాచకుండా అంతా చెప్పి, తప్పు తనదేనంది. శిష్యుల్లో చురుకైన అమ్మాయి ఒప్పుకోలేదు.

“మీరలా చూడబట్టే కదా మేడమ్ ఆయన మాట్లాడాడు? నిన్న మా పేటలో ఆడవాళ్లని కూర్చోబెట్టి నేనూ అలాగే చూశాను. ఒకావిడ కడుపులో ఉన్నదంతా కక్కేసింది!”

“గదిలో ఎవరెవరున్నారు?”

“వాళ్ల అత్తగారు, తోడికోడలు... అంతా ఆవిడ మనుషులే మేడమ్.” ఆ అమ్మాయి మొహం మెల్లగా పాలిపోయింది.

“వాళ్లిల్లు తెలుసా? పద” అంటూ టీచరమ్మ చెప్పుల్లో కాళ్లు పెట్టింది. వెళ్లి ఏం చెప్పాలో ఆమెకే తెలియదు.