సోమమ్మ దస్కతు

క్యాంపస్‌లో బ్యాంకు కౌంటరు మూసేస్తున్నామని ఎవరూ అనలేదు. తార్నాక బ్రాంచిలో కలుపుతున్నాం అన్నారు. కలపడమంటే ఏమిటో అచ్యుతరామయ్యకు తొంభై తొమ్మిది జూన్‌లో, ఇనప్పెట్టెనూ రెండు కుర్చీలనూ లారీకెక్కించిన రోజున తెలిసింది. పెట్టెకు కొత్తచోట జాగా దొరికింది. కుర్చీలు పాతసామానుకు పోయాయి. ఆయన మాత్రం అటూ ఇటూ కాకుండా మిగిలాడు.

నంద్యాల నుంచి ఉద్యోగానికని వచ్చి, యూనివర్సిటీ ఆఫీసుల వెనకనున్న ఆ ఒంటిగదిలో ఇరవై రెండేళ్ళు కమ్మీల అవతల కూర్చున్న మనిషి. స్కాలర్‌షిప్ చెక్కు తెచ్చిన పిల్లవాణ్ణి చూసి ఏ హాస్టలో చెప్పేవాడు. అలాంటివాణ్ణి తీసుకొచ్చి తార్నాకలో గుమ్మం పక్కన బల్ల వేసి కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళను పక్క అద్దాలగదిలో ఉన్న ఏటీఎం దగ్గరికి పంపడమే ఆయన పని. చిన్నచిన్న మొత్తాలకు జనాన్ని కౌంటరు దాకా రానివ్వొద్దని మేనేజరు మాట. అంటే, నాతో మీకు పని లేదు నాయనా అని రోజుకు వందమందికి తన నోటితో తనే చెప్పాలన్నమాట. ఓడెక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య అని పెద్దలు ఊరికే అనలేదు. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆయనలో మిగల్లేదు.

ఆ శుక్రవారం పదకొండింటికి సోమమ్మ వచ్చింది. హాస్టల్ మెస్సులో ముప్పై ఏళ్ళు గంగాళాలు తోమి రిటైరైన మనిషి, లాలాపేటలో ఉంటుంది. మనవరాలు సింధూజకు నర్సింగులో సీటొచ్చింది. శనివారం సాయంత్రంలోగా ఎనిమిది వేలు కట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. డబ్బు లేక కాదు, పింఛనులో మిగిల్చుకున్నది ఖాతాలో పదకొండు వేలుంది. తీసుకోవడమే తరువాయి.

ఖాతాలు ఇక్కడికి మార్చినప్పుడే ఆమెకు ఏటీఎం కార్డు ఇప్పిస్తానన్నాడు అచ్యుతరామయ్య. ఆ మిషను నా దస్కతు చూస్తదా అని అడిగింది. చూడదు, నంబరు కొడితే చాలన్నాడు. అయితే నాకొద్దు పొమ్మంది. నలుగురూ వింటే నవ్వేమాటే గాని, ఆయనకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ సంతకం సంగతి ఆయనకు తెలుసు. తొంభై రెండులో, పదేళ్ళ సింధూజ పలక ముందేసుకుని నానమ్మ చెయ్యి పట్టుకుని నెల్లాళ్ళు పేరు దిద్దించింది. ఆ తర్వాత ఓరోజు సోమమ్మ కౌంటరు దగ్గరికొచ్చి, ఇకనుంచి ఏలు పెట్టను సార్, దస్కతు జేస్త అని నిలబడింది. అచ్యుతరామయ్య ముచ్చటపడి, వేలిముద్ర వేసే నిశానీ ఖాతాను సంతకం ఖాతాగా మార్చి, నమూనా కార్డు మీద ఆమెచేత మూడుసార్లు పేరు రాయించాడు. ఆవేళ కౌంటరు దగ్గరున్నవాళ్ళందరికీ ఆమె బెల్లపుముక్కలు పంచింది.

ఇప్పుడు కార్డు కావాలన్నా వచ్చేసరికి పదిహేను రోజులు. అందుకని ఆయనే డబ్బు తీసే చీటీ నింపి, సంతకం పెట్టించి, లోపల గిరీష్‌కు అందించాడు. గిరీష్ పాతికేళ్ళ ఆఫీసరు, మంచివాడే. నమూనా కార్డు తీశాడు, చీటీ చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. కార్డు మీద అక్షరాలు బండరాయి మీద చెక్కినట్టు నిటారుగా ఉన్నాయి. చీటీ మీదివి వంకర్లుపోయి, గీత దిగి కిందికి జారిపోయాయి. ఇంకోసారి పెట్టించమన్నాడు. ఆ ఇంకోసారిది మరీ అన్యాయంగా వచ్చింది. మూడో చీటీకి సోమమ్మ వేళ్ళు చెమటపట్టి కలం జారింది.

అచ్యుతరామయ్య లేచి మేనేజరు గదికి వెళ్ళాడు. ఇరవై ఏళ్ళుగా ఆమెను ఎరుగుదునని, పూచీ తనదని చెప్పాడు. మీరు ఎరిగినట్టు ఏ కార్డులో రాసుంది అని మేనేజరు అడిగాడు. పోనీ కొత్త నమూనా తీసుకోండి అన్నాడాయన. సరేనని తీసుకున్నారు. మూడు సంతకాలు పెట్టమంటే మూడూ మూడు రకాలుగా వచ్చాయి. దానికీ దానికే పొంతన లేకపోతే రేపు దేంతో పోల్చుకోవాలి? మేనేజరు కాగితం పక్కకు తోసి, ఇందులో అంత తర్జనభర్జన దేనికి, నిశానీ ఖాతాగా మార్చేయండి, రెండు నిమిషాల్లో డబ్బిస్తాం, ఆ మాట మీరే చెప్పండి అన్నాడు.

ఆ మాట చెప్పడానికి గదిలోంచి బల్ల దాకా ఉన్న ఇరవై అడుగులూ అచ్యుతరామయ్యకు ఇరవై ఏళ్ళంత బరువయ్యాయి. తప్పెవరిదో దారిలోనే ఆయనకు తెలిసిపోయింది. ఏడేళ్ళలో ఆమె చేతికి వణుకొచ్చింది, కంటికి పొర కమ్మింది. ఏటికొకసారి కొత్త నమూనా తీసుకుని ఉంటే ఎప్పుడో బయటపడేది, నెమ్మదిగా ఏదో ఒక దారి చూసుకునేవాళ్ళు. తను తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటాడు? కమ్మీల అవతల ఆ మొహం కనబడగానే చెయ్యి దానంతటదే చీటీ మీద టిక్కు కొట్టేది. క్యాంపస్‌లో అందరికీ అలాగే ఇచ్చాడు. మనుషుల్ని ఎరగడం పనిమంతుడి లక్షణమని గర్వపడ్డాడు కూడా. చేతులు కాలాక ఇప్పుడు ఆకులు పట్టుకుని ఏం లాభం?

సంగతి విని సోమమ్మ బల్ల మీదున్న మూడు చీటీలనూ ఒకటొకటిగా కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది.

"గిన్నేండ్ల సంది ఇదే దస్కతు జేసిన కద సార్. ఒక్కనాడన్న మీరు వద్దన్నరా? మంచిగున్నది కాబట్టే పైసలిచ్చిండ్రు అనుకున్న."

అబద్ధం చెప్పి ఊరడించొచ్చు. వయసొచ్చింది, చెయ్యి తిరగడం లేదు, ఈమధ్యనే పాడైంది అనొచ్చు. కానీ ఏడేళ్ళు ఊరడించిన ఫలితమే ఇది కదా అనిపించిందాయనకు.

"నేను సంతకం ఎప్పుడూ చూళ్ళేదమ్మా. నిన్ను చూసి ఇచ్చినా."

ఆ మాట ఆమెకు చల్లగా తగులుతుందనే ఆయన ఆశ. అలా తగల్లేదు. ఆమె మొహంలో కోపం లేదు, ఏడుపూ లేదు. ఇన్నాళ్ళూ లోపల భద్రంగా దాచుకున్నది ఏదో చెల్లదని తెలిసిన మనిషి మొహం అది. అచ్యుతరామయ్యకు సిగ్గేసింది. మిషనైతే చూడనని ముందే ఒప్పుకుంది. తను చూసినట్టు నటించాడు.

"అయితే అది జేసినా ఒకటే, జెయ్యకున్నా ఒకటే అన్నట్టు," అంది సోమమ్మ మెల్లగా. "తేండ్రి సార్. ఏలే పెడ్త. పోరిదానికి రేపే ఆఖరు."

గిరీష్ సిరాపెట్టె పంపాడు. అచ్యుతరామయ్య ఆమె బొటనవేలు పట్టుకున్నాడు. మెస్సు మసికి, బూడిదకు అరిగిపోయి నున్నగా తయారైన వేలు. మొదటిసారి ముద్ర సరిగా పడలేదు. రెండోసారి గట్టిగా అదమాల్సి వచ్చింది. ముద్ర పక్కన, ఈమె నాకు తెలుసునని సాక్షి సంతకం పెట్టాలి. ఆయన పెట్టాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, కలం ఎత్తకుండా ఒక్క లాగుడులో వచ్చేసింది. సోమమ్మ ఆ కలం కదిలినంతసేపూ కన్నార్పకుండా చూసింది.

డబ్బు చేతికొచ్చింది. ఆమె లెక్క చూసుకోలేదు, రవికెలో దోపుకుంది. ఆయన ఆగమ్మా అని వెనకవైపు కొళాయి దగ్గరికి తీసుకెళ్ళి, ప్యూను దగ్గర సబ్బుముక్క అడిగి తెచ్చి, తనే చెంబుతో నీళ్ళు పోశాడు. సిరా కొంత వదిలింది. గోరు సందుల్లోది వదల్లేదు. సోమమ్మ ఇంకా గట్టిగా రుద్దింది, గోడకేసి కూడా రాసింది.

"ఇంత పట్టింపు దేనికమ్మా, సాయంత్రానికి అదే పోతుంది," అన్నాడు అచ్యుతరామయ్య.

"మా సింధూజ గాడ బస్టాప్‌ల ఉన్నది సార్," అంది సోమమ్మ, వేలు కొంగులో చుట్టుకుంటూ. "దస్కతు జేసి పట్టుకొస్తనని చెప్పొచ్చిన."