పానం మంచిగ లేదు

ఏ ఊళ్లో ఏ రోగం మొదలైందో దవాఖానా కంటే ముందు ఫేస్‌బుక్కే చెబుతుందట. ఖమ్మంలో మా ఆఫీసు నడిచేదే ఈ నమ్మకం మీద. జనం రాసుకున్న మాటల్ని కంప్యూటర్ ఏరి, ఊళ్లకు రంగులు వేస్తుంది. ఎర్రబడిన ఊరికి జీపు పోతుంది; జ్వరాలైతే డాక్టర్లది, మద్యం గొడవైతే ఎక్సైజు వాళ్లది.

సోమవారం పొద్దున బూర్గంపాడు పక్కన మా ఊరే ఎర్రబడింది. నిజం చెప్పాలంటే సంతోషమేసింది. బొగ్గుబాయిలో డ్యూటీ దిగి ఇంటికి వచ్చిన తమ్ముడు కుమారస్వామి, అమ్మకు జ్వరమని ముందురోజే చెప్పాడు. మా వాడకట్టులో సగం మంది మంచం పట్టారు. ఇక డాక్టర్లు వస్తారులే అనుకుని నిమ్మళంగా టీ తాగొచ్చాను.

తీరా చూస్తే ఊరి పేరు జ్వరాల కింద లేదు, మద్యం కింద ఉంది.

"ఇదేంది సార్?" అని రవికుమార్ సార్‌ని అడిగాను. ఆ కంప్యూటర్‌కు మాటలు నేర్పిన మహానుభావుడు ఆయనే.

"అందరూ పానం, పానం అని రాశారు అరుణశ్రీ. మద్యపానం గొడవే కదా! సారా పట్టేవాళ్లకి పంపేశాం."

తమ్ముడి పోస్టు తెరిచి ఆయన ముందు పెట్టాను. 'మా అమ్మకు పానం మంచిగ లేదు.'

"పానమంటే మాకు ప్రాణం సార్! ఒంట్లో బాగలేకపోతే గట్లనే అంటం!" అని అరిచాను.

"అలాగా! వచ్చే వారం ఈ అర్థం కూడా చేరుద్దాం," అన్నాడు. చేరుస్తాడట! ఒళ్లు మండిపోయింది.

తమ్ముడికి ఫోన్ చేశాను.

"జీపొచ్చిందక్కా. ఇండ్లన్నీ సోదా చేసిండ్రు. అమ్మ అడవిలకు ఉరికింది."

"జరంతోనా?"

"అవ్."

నాన్న పోయాక అమ్మ కొన్నాళ్లు గుడుంబా కాచింది. మానేసి ఏళ్లయినా, జీపు చప్పుడు వింటే ఉరకడం మాత్రం మానలేదు.

కొట్లాడి డాక్టర్ల బండి పంపించాను. ఆ చప్పుడు వినగానే ఊళ్లో మిగిలినవాళ్లూ తలుపులు వేసుకున్నారట. ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టులన్నీ తీసేశారు. సాయంత్రానికి తెర మీద మా ఊరు పచ్చబడింది.

"చూశావా, కంట్రోల్‌లోకి వచ్చేసింది," అన్నాడు సార్.

ఇంటికి బయల్దేరుతుంటే తమ్ముడి ఫోన్. అమ్మ దొరికిందట, టేకు చెట్ల కింద పడి ఉందట.

"ఎట్లుందిరా ఇప్పుడు?"

"పా..." అని ఆగిపోయాడు.

"చెప్పురా!"

"ఆ మాట ఫోన్ల అనొద్దంటుండ్రక్కా ఊళ్లె. అంటే మల్ల జీపొస్తదంట."