మూడోసారి పడిన కత్తెర

రదౌట్స్ ఊరి బజారులో ఎవరిని అడిగినా ఒకటే మాట. స్మరాండాను ఎవడో ప్రేమించి మోసం చేశాడట, అందుకే మఠంలో చేరిందట. ఆ మోసగాడి పేరు చెప్పమంటే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల, చూడచక్కని మనిషి, మందుల షాపులో ఉద్యోగం. అలాంటి పిల్ల కోరి సన్యాసినుల నల్లబట్ట కట్టుకుంటానంటే జనానికి ఎలా మింగుడుపడుతుంది?

తల్లి వెతూరియాకూ మింగుడుపడలేదు. మూడేళ్లు ఏడ్చింది, తిట్టింది, మాట్లాడటం మానేసింది. ఆవిడ ఎంత వద్దంటే స్మరాండాకు అంత పట్టుదల పెరిగింది. సందేహమన్నదే దగ్గరికి రాలేదు.

తీరా దీక్ష ఇచ్చే రోజు పొద్దున్నే, మఠం చర్చి మెట్ల దగ్గర వెతూరియా నిలబడి ఉంది.

"గొడవ పెట్టుకోడానికొచ్చావా అమ్మా?"

"ఓపిక లేదే. నీ ఇష్టం, నువ్వు సుఖంగా ఉంటే చాలు. ఏమైనా తిన్నావా?"

"ఇవాళ తినకూడదు."

"సరేలే, తర్వాత తిందువుగాని."

అంతే. ఆ మాటతో స్మరాండాకు అంతా అయోమయమైపోయింది. బలమంతా పెట్టి నెడుతున్న తలుపును అవతలివాళ్లు చటుక్కున తీసేసినట్టయింది. ఇన్నాళ్లూ నన్ను పిలిచింది దేవుడా, అమ్మ మీది పంతమా? ఎంత ఆలోచించినా తేలలేదు. భయమేసింది.

తెల్లని పొడుగు చొక్కాలో, జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా వెళ్లి, దీక్ష ఇచ్చే ఫాదర్ ఇలారియోన్ ముందు నిలబడింది. ఆ ముసలాయన ఆమె జుట్టు కత్తిరించాల్సిన కత్తెరను నేలమీద పడేస్తాడు. ఆమే వంగి తీసివ్వాలి. అలా మూడుసార్లు. ఎవరి బలవంతమూ లేదని అందరి ముందూ తేలాలి మరి.

మొదటిసారి తీసిచ్చింది. రెండోసారి కాస్త ఆలస్యంగా తీసిచ్చింది. మూడోసారి కత్తెర రాతినేల మీద జారి జనం వైపు వెళ్లింది. స్మరాండాకు అడుగు పడలేదు. ఎవరో దగ్గారు. వెనక గుసగుసలు మొదలయ్యాయి.

వెతూరియాకు ఈ పద్ధతులేం తెలుసు? పిల్ల చేతిలోంచి ఏది పడినా తీసివ్వడం ఒక్కటే తెలుసు. గబుక్కున వంగి, కత్తెర తీసి కూతురికి అందించబోయింది.

"మీరు ఇవ్వకూడదమ్మా. ఎక్కడిది అక్కడే పెట్టండి" అన్నాడు ఫాదర్.

వెతూరియా పెట్టేసింది. పెట్టి, కూతురి చెవిలో అంది: "వద్దనుకుంటే చెప్పు, ఇంటికి పోదాం. ఊళ్లోవాళ్ల సంగతి నేను చూసుకుంటా."

స్మరాండాకు ఏడుపొచ్చింది. ఉండిపోవడానికి అడ్డులేదు, వెళ్లిపోవడానికీ అడ్డులేదు. పోట్లాడ్డానికి ఎవరూ మిగల్లేదు. సందేహం తీరుతుందేమోనని కాసేపు చూసింది. తీరలేదు. కానీ ఇక్కడే ఉండాలన్న కోరిక కూడా పోలేదు. అది ఆమెదే.

వెళ్లి, వంగి, తీసింది.

"నాకింకా ఏమీ తేలలేదు ఫాదర్" అంది ఇస్తూ.

"తీసిచ్చావుగా" అన్నాడాయన.

నాలుగువైపులా నాలుగు పాయలు కత్తిరించి, కొత్త పేరు పెట్టి పిలిచాడు. "సోదరి మెలానియా."

స్మరాండా నేల చూపులు చూస్తూ అలాగే నిలబడింది, ఇంకెవరినో పిలిచినట్టు. ఆయన మళ్లీ పిలిచాడు.

వెతూరియా కళ్లు తుడుచుకుని, ముందుకొచ్చి, కూతురి భుజం తట్టింది.

"నిన్నేనే. పలుకు."