వెనక లేని ఇండ్లు

“ఇండ్ల సంగతి ఆడోళ్ళకు తెలిసినట్టు మాకేం తెలుస్తాది? నువ్వే చూసి చెప్పు,” అని మా ఆయన మధుసూదన్ తన ఫోను నా ముందు పెట్టాడు. నేను గోంగూర వలుస్తున్నాను. చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకున్నాను.

మధుసూదన్ గిద్దలూరు స్టేషన్లో సిగ్నళ్ళ పని చూస్తాడు. ఏడాదిగా మా క్వార్టర్స్ ముందు గదంతా ఆయన బొమ్మ రైలుదే. ప్లైవుడ్ బల్ల మీద దిగువమెట్ట నుంచి గిద్దలూరు దాకా లైను వేశాడు. థర్మోకోలు చెక్కి నల్లమల కొండలు చేశాడు, వాటికి సొరంగం తొలిచాడు. రాలిన పొడి ఊడ్చింది నేను. బడి నుంచి వచ్చి పిల్లల పేపర్లు దిద్దుకునే నా చోటు వంటింటి గడప దగ్గరికి జరిగింది. చూడ్డానికి వచ్చిన స్నేహితులతో ఆయన, “మా ప్రసన్న దుమ్ము దులిపి పెడతాది, తక్కినదంతా నేనే,” అనేవాడు. వాళ్ళు నవ్వేవారు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. రైలు చక్కగానే తిరిగేది. కానీ ఆ పట్టాల పక్కన ఒక్క ఇల్లు లేదు.

ఫోనులో కనిపించినవన్నీ మంచు జారిపోయేట్టు నిటారు కప్పులున్న విదేశీ బొమ్మ ఇండ్లు. “మన అడవికి మంచు కప్పులెందుకండీ?” అన్నాను. ఆయన నవ్వి, “అదొక్కటే కాదు, స్కేలు కూడా కుదరాల. మన రైలు అసలు రైల్లో ఎనభై ఏడో వంతు. ఇల్లు కూడా అంతే ఉండాల. లేకుంటే తలుపు బోగీ కన్నా పెద్దదైపోతాది,” అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుంది. అన్నం వార్చేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు అన్నిటినీ ఎనభై ఏడుతో భాగించుకున్నాను. మా తలుపు సగం అగ్గిపుల్ల. నేను చిటికెన వేలి కణుపంత. నా ఇల్లంతా నా రెండు అరచేతుల్లో పడుతుంది. ఇన్నేళ్ళు నన్ను లోపల పెట్టుకున్న ఇంటిని నేను పైనుంచి ఒక్కసారి కూడా చూసుకోలేదు.

మొదట నేను ఎంచింది, ముక్కలుగా వస్తే మనం అతికించుకునే సిగ్నల్ క్యాబిన్ కిట్టు. పెట్టె తెరిస్తే పల్చటి చెక్క పలకల్లో కోసిన గోడలు, మెట్లు, వెంట్రుకంత సన్నటి కిటికీ చువ్వలు. ఊపిరి తగిలితే ఎగిరిపోతాయేమోనని మొహం పక్కకు తిప్పుకున్నాను. ఎవరో ఎక్కడో కూర్చుని, ఇంత చిన్న కిటికీకి కూడా చువ్వలుండాలని, ఇంత చిన్న మెట్టు కూడా పాదం ఆనేంత ఉండాలని తలిచారు కదా. నా గురించి అంత శ్రద్ధగా ఎవరన్నా తలిచారా అనుకున్నాను. దుఃఖంతో అనుకున్నది కాదు. గుడిలో గర్భాలయం ముందు నిలబడినట్టు నిలబడ్డాను.

గ్యాంగుమెన్ క్వార్టర్స్ మాత్రం ఆయనే ఎంచుకున్నాడు. దిగువమెట్టలో ఆయన పుట్టి పెరిగిన ఇండ్ల వరస లాంటిదే అది. మామయ్య అక్కడ పట్టాలు బాగుచేసే గ్యాంగుమన్. ఆ కిట్టు విప్పి చూస్తే ముందు గోడ ఉంది, తలుపులున్నాయి, కిటికీలున్నాయి, అంగుళమైనా కప్పు లేకుండా అంతటితో ఆగిపోయింది. అటు తిప్పితే ఒట్టి అట్ట.

“వెనక ఏదండీ?”

“ఇవి అట్లనే వస్తాయి. కొండకు ఆనించి అంటిచ్చేదే. జాగా కలిసొస్తాది. వెనక ఎవురు చూస్తారు?”

ఆయన మామూలుగానే అన్నాడు. నేను మాత్రం ఆ ఒట్టి అట్టను మళ్ళీ తిప్పి చూశాను. ఏ ఇంట్లోనైనా మేము ఆడవాళ్ళం ఉన్నది ఆ వెనకే కదా. బట్టలుతికే బండ, నీళ్ళ డ్రమ్ము, మసిపట్టిన గోడ, అంట్లు తోమే మూల. “ముందుకు రావాకు, వచ్చినోళ్ళుండారు” అని నన్ను పంపింది అక్కడికే. “ఉద్యోగం చేసుకో, ఇంట్లో పని మాత్రం ఆగకూడదు” అన్నప్పుడు, ఆ ఆగకూడని పనంతా జరిగింది అక్కడే. మా నాయన పోయిన కబురు వచ్చిన రోజు ముందు గదిలో చుట్టాలుంటే, నేను వెనక మెట్టు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ మెట్టుకు ఏ కిట్టులోనూ చోటు లేదన్నమాట.

“ఇవి పంపించేయండి. నాలుగు గోడలున్నవి నేను చూస్తాను,” అన్నాను.

“పట్టవు. కొండ కొయ్యాల్సి వస్తాది.”

“కోస్తాను.”

ఆయన నా వైపు వింతగా చూశాడు. అవి వచ్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం హాక్సా బ్లేడు పట్టుకుని నల్లమలను వెనక్కి కోశాను. నాలుగు గోడల ఇండ్లు అతికి, వాటి వెనక పెరడు పరిచి, పలక ముక్కతో బండ చేసి పెట్టాను. దారం కట్టి, గుడ్డ పీలికలు ఆరేశాను.

మా అత్త రాఘవమ్మ మగవాళ్ళ గది అని ఎప్పుడూ ఆ గుమ్మం దాటేది కాదు. ఆ రోజు వచ్చింది. బల్ల అంచు పట్టుకుని వంగి, ఇండ్ల ముందు వైపు వదిలేసి, చుట్టూ తిరిగి వెనక్కి పోయింది. పలక ముక్క మీద వేలు పెట్టింది.

“ఈడ్నే, ఈ బండ కాడ్నే నాకు నొప్పులొచ్చినాయి,” అంది మెల్లగా. “మధుగాడు కడుపులో ఉండాడు. గూడ్సు బండి పోతాంది, అరిచినా ఎవురికీ వినపళ్ళా.”

మా ఆయన రైలు ఆపేశాడు. తను పుట్టిన ఇంటి వెనక భాగాన్ని ఆయన అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఉంది.

ఆ మరుసటి వారం సాగర్ వచ్చాడు. మార్కాపురంలో మేము కట్టబోయే ఇంటికి ఇంజనీరతను. ప్లాను కాగితం మంచం మీద పరిచి అతనూ మా ఆయనా మాట్లాడుకుంటున్నారు. ఇదివరకు అతను వచ్చినప్పుడల్లా నేను టీ ఇచ్చి వెళ్ళిపోయేదాన్ని. నాకవి ఒట్టి గీతలు. ఆ రోజు గ్లాసులు కింద పెట్టి నిలబడ్డాను.

“దీని స్కేలు ఎంత, సాగర్?”

ఇద్దరూ తలెత్తారు. “వందో వంతు అక్కా,” అన్నాడతను.

గీతలు లేచి గోడలయ్యాయి. నేను గేటు తీసుకుని లోపలికి నడిచాను. కార్లకు చోటు దాటాను, పెద్ద హాలు దాటాను. వంటింట్లోకి వెళ్ళేసరికి వెనక గోడ ప్రహరీకి అంటుకుపోయి ఉంది. కిటికీ లేదు. బయటికి తలుపు లేదు. ఆకాశం లేదు. నేను చేతుల్లోకి తీసుకుని వద్దన్న ఇల్లే ఇది, మనిషి ఎత్తున.

“ఈ గోడ ఇక్కడ ఉండదు,” అన్నాను, దాని మీద వేలు పెట్టి. “హాలు తగ్గించండి. వెనక పెరడు కావాలి, దానికి తలుపు కావాలి, కూర్చోడానికి అరుగు కావాలి.”

సాగర్ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కాగితం తన వైపు లాక్కున్నాడు. “హాలు చిన్నదైతే నలుగురొస్తే…” అని మొదలుపెట్టి, బల్ల మీది పెరటి వైపు చూశాడు. “ఆమె చెప్పినట్టు గియ్యి,” అన్నాడు.

అప్పుడు మా వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చిందో, నా భుజం పక్కన నిలబడి ఉంది.

“ఆ అరుగు మీద పొద్దుటెండ పడతాదా, నాయనా?”

సాగర్ కాగితాన్ని ఎత్తి, తూర్పు ఎటో ఆమెకు తెలిసేలా, ఆమె వైపు తిప్పి పరిచాడు.