వాక్యం నేర్పిన మనిషి

నిడదవోలు స్టేషనుకి అవతల వైపున్న ఆ చిన్న లూథరన్ చర్చిలో ఒక అలవాటుంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు గాని, మానేద్దామని ఏ పాస్టరుగారైనా అంటే మాత్రం ఊరుకునేవాళ్ళు లేరు. క్రిస్మస్ రోజు ఉదయం ఆరాధనలో పిల్లలు బైబిలు వాక్యం అప్పజెబుతారు. తప్పు లేకుండా చెప్పిన పిల్లకి బహుమతి ఒక స్టీలు గిన్నె. అయితే ఆ గిన్నె పిల్ల చేతికివ్వరు. "నీకు నేర్పిందెవరమ్మా?" అని పాస్టరుగారు అడుగుతారు. పిల్ల చెబుతుంది. ఆ మనిషి లేచి, అందరి ముందూ నడిచివెళ్ళి గిన్నె అందుకోవాలి. ఆ చర్చి ఆడవాళ్ళ వంటిళ్ళలోకి తొంగిచూస్తే చాలు, ఎవరి పిల్లలు బుద్ధిమంతులో ఇట్టే తెలిసిపోతుంది.

సారికకి ఆ గిన్నె కావాలి.

ఇంట్లో గిన్నెలకేం కరువు లేదు. ఆమె పెద్దాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్ళు పాఠాలు చెప్పి, ముప్పై నాలుగేళ్ళ వయసులో పెళ్ళి చేసుకుని, మొన్న జూన్‌లో రాజ్ కుమార్ ఇంట్లో అడుగుపెట్టింది. అతను రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. మొదటి భార్య కరుణ జబ్బు చేసి పోయి రెండేళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు. నాలుగేళ్ళ షారోను వారం తిరక్కుండానే సారిక చంకెక్కింది. తొమ్మిదేళ్ళ దీవెన అలా కాదు. పెట్టింది తింటుంది, అడిగినదానికి బదులు చెబుతుంది, "పిన్నీ" అని మర్యాదగా పిలుస్తుంది. మర్యాదగా మసలే పిల్ల ఒకతె ఉంటే రెండు గదుల ఇల్లు కూడా ఎంత పెద్దదైపోతుందో ఈ ఆరు నెలల్లో సారికకి తెలిసొచ్చింది.

పైగా రెండు వీధుల అవతల కరుణ తల్లి జ్ఞానమ్మగారున్నారు. ఒక్కగానొక్క కూతురు పోయాక ఆవిడ ఒంటరిగానే ఉంటున్నారు. స్కూలు వదలగానే దీవెన అక్కడికే పరిగెత్తుతుంది.

అలాంటి పిల్ల నవంబరు చివర్లో ఒకరోజు సండేస్కూల్లో ఇచ్చిన కాగితం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, నాకు యేసు పుట్టిన కథలోంచి ఇరవై వచనాలు ఇచ్చారు. అమ్మమ్మకి చదవడం రాదు కదా. నువ్వు నేర్పుతావా?"

పోయిన క్రిస్మస్‌కి ఈ పిల్ల స్టేజీ ఎక్కి, నోరు విప్పకుండానే దిగివచ్చేసిందని సారిక విని ఉంది. "రా అమ్మా" అని పీట వేసింది. ఇక నెల రోజులూ అదే పని. జడలు వేస్తూ నాలుగు వచనాలు, అరిసెల పాకం చూస్తూ నాలుగు వచనాలు. గొర్రెల కాపరులూ దేవదూతలూ బాగానే వచ్చేశారు గాని, మొదట్లోనే ఎదురయ్యే ఆ రోమా అధిపతి పేరు దగ్గర దీవెన నాలుక మడతపడేది. సారిక ఆ పేరుని నాలుగు ముక్కలు చేసి, ముక్కకొకసారి వేలితో తొడ మీద తట్టుకోమంది. తట్టగానే పేరు వచ్చేసింది. దీవెన కిలకిలా నవ్వింది. ఆ నవ్వు కోసం సారిక ఇంకో ఇరవై వచనాలైనా నేర్పేదే.

"నీ పేరే చెప్పమని దానికో మాట చెప్పనా?" అన్నాడు రాజ్ కుమార్, డాబా మీద నక్షత్రం కడుతూ.

"వద్దండి. మీరు చెప్పమంటే చెప్పే పేరు నాకెందుకు?" అంది సారిక.

క్రిస్మస్ రోజు ఆమె కొత్త చీర కట్టుకుని, ఆడవాళ్ళవైపు తివాచీ మీద దారి పక్కనే చోటు చూసుకుని కూర్చుంది. లోపలికెక్కడో ఇరుక్కుంటే లేచి వెళ్ళడం కష్టమని. అలా ఆలోచించినందుకు తనమీద తనకే నవ్వొచ్చింది. ముందు వరసలో జ్ఞానమ్మగారు తెల్లచీరలో ఉన్నారు.

దీవెన స్టేజీ ఎక్కింది. గొంతు మొదట వణికినా తర్వాత సర్దుకుంది. ఆ అధిపతి పేరు దగ్గర పిల్ల వేలు కొత్త గౌను మీద నాలుగుసార్లు కదిలింది. చర్చిలో అది చూసింది సారిక ఒక్కతే. ఇరవయ్యో వచనం కూడా అయిపోయింది. చప్పట్లు మోగాయి.

"శభాష్! నీకు నేర్పిందెవరమ్మా?" అన్నారు పాస్టరుగారు.

సారిక అప్పటికే సగం లేచింది.

"మా అమ్మమ్మండి," అంది దీవెన.

జ్ఞానమ్మగారు ఒక్క క్షణం అర్థంకానట్టు చూశారు. తర్వాత నెమ్మదిగా లేచి వెళ్ళి, గిన్నె అందుకుని, మనవరాలిని పొదువుకుని బావురుమన్నారు. "నా కరుణ చెప్పినట్టే చెప్పిందండీ" అన్నారు. ఆడవాళ్ళంతా పైటకొంగులు కళ్ళకి అద్దుకున్నారు.

సారిక చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు నటించి కూర్చుంది. పక్కనున్న రత్తమ్మ చూసింది గాని, పాపం, చూడనట్టు తల తిప్పుకుంది. లేచినందుకు సిగ్గు, కూర్చున్నందుకు దుఃఖం. షారోనుని ఒళ్ళోకి లాక్కుని సారిక కూడా ఏడ్చింది. అందరూ ఏడుస్తున్నారు కాబట్టి ఎవరూ ఎందుకని అడగలేదు. అంతమంది జనంలో తన మనిషంటూ ఒక్కరూ లేరనిపించింది.

మధ్యాహ్నం జ్ఞానమ్మగారు రాజ్ కుమార్ ఇంట్లోనే భోజనం చేసి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుని వెళ్ళిపోయారు. సారిక ఇరుగుపొరుగులకి పంపడానికి పళ్ళాల్లో అరిసెలూ జంతికలూ సర్దుతోంది. దీవెన వచ్చి పక్కన నిలబడింది.

"పిన్నీ, కోపం వచ్చిందా?"

"ఎందుకమ్మా?"

"నేర్పింది నువ్వైతే అమ్మమ్మ పేరు చెప్పాను కదా." పిల్ల జంతిక ముక్క ఒకటి విరిచింది గాని తినలేదు. "మా అమ్మ ఉన్నప్పుడు గిన్నె అమ్మే తెచ్చుకునేది. ఇప్పుడు నిన్ను పిలిస్తే అమ్మమ్మ ఇంటికెళ్ళి ఒక్కతే కూర్చుని ఏడుస్తుంది. నువ్వైతే ఏమీ అనుకోవులే అనుకున్నాను."

సారిక ఇంకో రెండు అరిసెలు పళ్ళెంలో పెట్టింది. "ఏమీ అనుకోలేదులే," అంది.

"వచ్చే ఏడు కూడా అమ్మమ్మనే పిలుస్తా. అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ పిలుస్తా. నేర్పడం మాత్రం నువ్వే నేర్పాలి. సరేనా?"

"సరే."

"ఇలా ఎందుకు చేశానో నాన్నకి కూడా చెప్పకు. నాన్న అమ్మమ్మతో అనేస్తాడు."

"చెప్పను."

దీవెన ఆమె చేతిలో చెయ్యి వేసి ఒట్టు వేయించుకుంది. తర్వాత పళ్ళెం ఒకటి తీసుకుని, చెల్లెల్ని కేకేస్తూ వీధిలోకి పరిగెత్తింది.

వీధిలో పిల్లల కేకలు. వంటింట్లో సారిక ఒక్కతే. ఈ ఇంట్లో ఎవరైనా తనని సొంతమనుకోవాలని ఆరు నెలలుగా ప్రార్థన చేసుకుంది. ఇవాళ ఒకరు అనుకున్నారు. ఆ సంగతి పంచుకోవడానికి ఒక్క మనిషి లేడు.

రాజ్ కుమార్ వచ్చి వెనక నిలబడ్డాడు. ఉదయం నుంచీ ఏదో ఒకటి అనాలని తిరుగుతున్నాడు పాపం.

"బాధపడకు సారికా. చిన్నపిల్ల. దానికేం తెలుసు?"

సారిక అతని వైపు తిరగలేదు. మిగిలిన అరిసెలు మూతపెట్టి, "అవునండి. చిన్నపిల్ల," అంది.