నిలబడి పాడిన పాట

బురద వెచ్చగా ఉంది. పైన నిలిచిన నీళ్లు చల్లగా ఉన్నాయి. వేళ్లు రెండింటినీ దాటుకుని దిగుతున్నాయి…

ఉబాలు మొదలయ్యాయి. వరినాట్లను మా వైపు అలాగే అంటారు. నరసన్నపేట చుట్టూ ఏ మడి చూసినా వంగిన నడుములే.

మా మడిలో పాట ఎత్తేది మా అత్త దాలమ్మ. ఇంకెవరూ ఎత్తరు. ఎత్తనివ్వదు.

ఏరు పొంగి వచ్చిందే… ఓ మావ…
నారుమడి పిలిసిందే… ఓ మావ…

'ఓ మావ' అన్నాక అత్త ఆగుతుంది. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది.

ఆ పాట కట్టింది వాళ్లమ్మ జగ్గమ్మ. చదువు రాని మనిషి. మడిలోనే కట్టింది. ఆ మాట చెప్పేటప్పుడు అత్త గడ్డం కాస్త పైకి లేస్తుంది.

అదే పాట ఈ ఏడు సినిమాలో వచ్చింది.

అవును, సినిమాలోనే! రెండేళ్ల కిందట మద్రాసు నుంచి ఒకాయన టేపు రికార్డరు పట్టుకొచ్చాడట. నగరేశ్వరరావు గారి బట్టల కొట్టు అరుగు మీద అత్త చేత పాడించుకున్నాడట. అప్పటికి నేను కాపురానికి రాలేదు. నాలుగు రోజులు అత్త కాళ్లు నేల మీద ఆనలేదని ఊరంతా చెప్పారు.

ఇప్పుడు డేరా సినిమా మైకులో రోజూ అదే. ఫిడేళ్లు… డోలక్కు… సన్నని గొంతు. ఎక్కడా ఆగదు. పరుగే పరుగు.

నాకు నచ్చింది. నిజం చెప్పాలి కదా — అత్త పాట కన్నా నచ్చింది.

అందుకే ఆ ఉదయం నోరు జారాను.

"అత్తా, నువ్వు తప్పు పాడతన్నావు. సినిమాలో ఇలగ లేదు. మద్దిన ఆగకూడదు."

పక్కనున్న గురమ్మ పెదవి కొరుక్కుంది.

వాళ్లమ్మ పాట. నిన్న గాక మొన్న వచ్చిన కోడలు, పదిమందిలో, తప్పంటోంది. అత్త ముఖం ఎర్రబడింది.

"అయితే నువ్వే ఎత్తే గున్నా," అంది నా పేరు పెట్టి.

ఎత్తాను. సినిమాలోలాగే… ఆగకుండా… పడుచువాళ్లంతా అందుకున్నారు. వరస పరిగెత్తింది. ఎంత మిడిసిపాటు నాకు!

మూడో వరసలో నడుం పట్టేసింది.

పాట ఆగదు. పాట ఆగకపోతే చెయ్యి ఆగదు. చెయ్యి ఆగకపోతే నడుం ఎత్తేదెప్పుడు? గురమ్మ వెనకబడింది. ఒకరు లేస్తుంటే ఒకరు వంగుతున్నారు. వరసలు వంకర్లు పోయాయి. అందరికన్నా ముందు నా పాటే తెగింది.

అప్పుడు అత్త ఎత్తింది.

ఏరు పొంగి వచ్చిందే… ఓ మావ…

ఆగింది.

పన్నెండు నడుములు ఒక్కసారి లేచాయి. ఒక్క ఊపిరి. చేతిలోకి కొత్త నారుకట్ట. మళ్లీ వంగాం.

జగ్గమ్మ మా నడుముల కోసం పెట్టిన చోటది! ఎక్కడ నొప్పి పుడుతుందో అక్కడే పాటను ఆపింది. నాకు సిగ్గేసింది… సిగ్గును మించి గర్వం వేసింది. నేను ఆ పాట ఉన్న ఇంటి కోడల్ని.

అంబళ్ల వేళకి గట్టెక్కాం.

"మరి సినిమావోల్లు ఆ ఆగేది ఎందుకు తీసేసినారత్తా?"

అత్త ముంత కింద పెట్టింది.

"ఆల్లు తియ్యలేదే. నేనే ఆగలేదు. అరుగు మీద, పెల్లినాటి సీర కట్టుకుని, నిలబడి పాడేను. నిలబడ్డోల్లకి నడుం నొప్పేటి?"

నవ్వింది. అందరం నవ్వాం. కాసేపటికి గొంతు తగ్గించి నన్ను మాత్రమే అడిగింది.

"మాయమ్మ పేరెయ్యండి బాబూ అని సెప్పేను. ఏస్తామన్నారు. నీకు సదువొచ్చు గదా… తెరమీద పేర్లొచ్చినప్పుడు సూసేవా? జగ్గమ్మని ఉన్నాదేటి?"

డేరాలో ఆ పేర్లన్నీ చదివాను. మొదటినుంచి చివరిదాకా చదివాను. జగ్గమ్మ లేదు.

మడిలోకి దిగాను. వంగాను. ఈసారి అత్తనడక్కుండానే పాట ఎత్తాను…

జగ్గమ్మ ఆగిన చోట ఆగాను.

వెనక అందరూ లేచిన చప్పుడు… నీళ్లు కారుతున్న చేతులు…

అత్త ఇంకా గట్టు మీదే ఉంది. నా వైపే చూస్తోంది.