తలుపు తీయొద్దు

కరెంటు స్మోకర్ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ లిఫ్టు మెకానిక్‌ది ఒకటే పట్టు: దాని తలుపు ఎవరూ తీయకూడదు. చూడటానికి అదో చిన్న బీరువా. అడుగున ప్లేటులో చెక్క పేళ్లు వేస్తే, కరెంటు వేడికి అవి మంట లేకుండా మగ్గి పొగ పెడతాయి. పైన మాంసం పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ పొగలోనే మెల్లగా ఉడుకుతుంది. మధ్యలో తలుపు తీశారా, వేడంతా పోయి కథ మొదటికొస్తుంది. భార్య ఒకసారి ఉండబట్టలేక తీసి చూసిందని రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు మహానుభావుడు.

"బ్యాంకు లాకరుకి కూడా ఇంత కాపలా ఉండదండీ" అందామె.

నిజానికి అతను దాన్ని కొన్నది మామగారి కోసం. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, అత్తగారు పోయాక వీళ్ల దగ్గరికొచ్చాడు. అల్లుడంటే మొదట్నుంచీ చిన్నచూపే. పిలవాల్సొస్తే "ఇదిగో" అనేవాడు. ఆయన నోట ఒక్క మంచి మాట వినాలని అల్లుడికి ఎంత ఆరాటమో కట్టుకున్నదానికి కూడా తెలియదు.

మొదటిసారి వండిన ముక్కని ముసలాయన చాలాసేపు నమిలి "పరవాలేదు" అన్నాడు. అంతకు మించిన మెప్పు ఆయన దగ్గర లేదు. ఆ పూట అల్లుడి కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ తర్వాత సెలవొస్తే చాలు, పెరట్లో స్మోకర్ ముందు రెండు కుర్చీలు పడేవి. బ్రేకులు, గేర్లు, లిఫ్టు తాళ్లు, ఒకటే కబుర్లు. కాపలా ఉద్యోగం ముసలాయన తనంతట తనే పుచ్చుకున్నాడు. కూతురు అటు వస్తే చాలు, "తలుపు జోలికెళ్లకు!" అని కసిరేవాడు.

ఒక ఆదివారం మాంసం సగం ఉడికాక వాన పట్టుకుంది. అల్లుడు స్మోకర్‌ని పెరటి పక్కనున్న పాత సామాన్ల గదిలోకి జరిపాడు. బొగ్గుల పొయ్యి అయితే జరిపేవాడు కాదు, ఆ మాత్రం తెలివి ఉంది. ఇది కరెంటుదే కదా అనుకున్నాడు. పొగ పోవడానికి కిటికీ తెరిచిపెట్టాడు. అంతలో ఫోను. ఏదో ఆఫీసు లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారట.

"మామయ్యా, భారం మీదే. వేడి పోయిందంటే ఇంతసేపు పడ్డ పాటంతా వృథా."

"నేనున్నాగా. నువ్వెళ్లిరా అల్లుడూ."

అల్లుడూ! ఆ పిలుపు నెమరేసుకుంటూ వానలో తడుస్తూ వెళ్లాడు పిచ్చివాడు.

కిటికీలోంచి చలిగాలి తగులుతుంటే స్మోకర్ మీద వేడి చూపించే అంకె దిగడం ముసలాయన చూశాడు. కిటికీ మూశాడు. గది తలుపు మూసి, కింది సందులో గోనెపట్టా కుక్కాడు. కళ్లు మండాయి. జన్మంతా డీజిలు పొగ పీల్చినవాడికి అదో లెక్కా?

కూతురు టీ తెచ్చి తలుపు తట్టింది. "తీయకు! వేడి పోతుంది!" అని లోపల్నుంచి అరిచాడు. ఆమె నవ్వుకుంటూ వెనక్కి వెళ్లిపోయింది.

అల్లుడు తిరిగొచ్చి భుజంతో తలుపు నెట్టేసరికి ఆయన కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు. ఎంత కుదిపినా పలకలేదు.

చెక్క దేని వేడికి మగ్గినా విషవాయువు పుడుతుందని, దానికి రంగూ వాసనా ఉండవని, పొగతో పాటే గదిలో నిండిపోయిందని డాక్టరు చెప్పింది. ప్రాణం దక్కింది. మనిషి దక్కలేదు. ఇప్పుడాయనకు కన్నకూతురు కూడా ఎవరో తెలియదు.

భార్య తిట్టినా బాగుండుననిపించేది అతనికి. "నవ్వుకుంటూ వెళ్లిపోయానండీ" అని మాత్రం ఉన్నట్టుండి అంటుంది. ఎంత చలిలోనైనా ఇంటి కిటికీలన్నీ తెరిచే ఉంచుతుంది. ముసలాయన లేచి ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తాడు. స్మోకర్‌ని ఎప్పుడో తీసి పారేశారు. ఆయన ఇప్పుడు కూతురూ అల్లుళ్ల పడకగదిలో బట్టల బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

ఒకరోజు పొద్దున్నే పనికి వెళ్తూ అతను చొక్కా కోసం ఆ బీరువా పిడి మీద చెయ్యి వేశాడు. ముసలాయన ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"తీయకు బాబూ. మా అల్లుడు నాకు అప్పజెప్పి వెళ్లాడు. బంగారంలాంటి పిల్లాడు. వాడొచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వను."

అతను చెయ్యి విడిపించుకోలేదు. చొక్కా లేకుండానే ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.